కెలోరిమితిలో ఆధారరేఖ సవరణ

కెలోరిమీటర్‌లో దహనం, తటస్థీకరణ, కరగడం వంటి మార్పేదీ జరగకపోయి ఉంటే ఉష్ణోగ్రత ఎలా నడిచేదో చూపే గీతను ఆధారరేఖ అంటారు. ప్రయోగశాలల్లో వాడుక మాట బేస్‌లైన్. కొలిచిన ఉష్ణోగ్రతలోంచి ఆ గీత వాటాను తీసేసి, మార్పు వల్ల మాత్రమే వచ్చిన పెరుగుదలను రాబట్టడం ఆధారరేఖ సవరణ. పాత పాఠ్యపుస్తకాలు దీన్ని వికిరణ సవరణ అనీ, శీతలీకరణ సవరణ అనీ పిలిచాయి. ఆ పేర్లు సగమే నిజం. వికిరణం ఇందులో ఒక చిన్న పాయ. పైగా సవరణ ప్రతిసారీ చల్లబడటానికే కాదు, వేడెక్కడానికి కూడా చేయాల్సి వస్తుంది.

చిక్కంతా నిర్వచనంలోని ‘జరగకపోయి ఉంటే’ అన్న మాటలో ఉంది. జరిగినదాన్ని థర్మామీటరు చూపిస్తుంది. జరగనిదాన్ని చూపే పరికరం లేదు. చర్య నడుస్తున్న ఆ కొద్ది నిమిషాల్లో ఆధారరేఖ ఎక్కడుందో ఎవరూ చూడలేరు. ముందు కొంతసేపు, తర్వాత కొంతసేపు కనిపించినదాన్ని పట్టుకుని మధ్యలో ఊహించాలి. ఆ ఊహ పరికరం ఎలా వేడిని పోగొట్టుకుంటుందో తెలిసి చేసినదైతే సవరణ అవుతుంది. తెలియకుండా చేస్తే అది గ్రాఫు మీద గీసిన బొమ్మ మాత్రమే.

ఉష్ణోగ్రత ఎందుకు జారుతుంది

పాత్రకూ పరిసరాలకూ ఉష్ణోగ్రతలో తేడా ఉన్నంతకాలం వేడి ఒకవైపుకు నడుస్తూనే ఉంటుంది. తేడా కొద్ది డిగ్రీలే అయితే నష్టం రేటు ఆ తేడాకు అనులోమానుపాతంలో ఉంటుంది. ఇది 1701లో న్యూటన్ ప్రకటించిన శీతలీకరణ నియమం. తేడా పెరిగితే నియమం తప్పుతుందని 1817లో డ్యూలాంగ్, పెటిట్ చూపించారు. కెలోరిమీటర్‌లో రెండు మూడు డిగ్రీల పెరుగుదలతో సరిపెట్టుకోవడానికి ఒక కారణం ఇదే: ఆ హద్దులో న్యూటన్ నియమం నమ్మదగ్గది.

దీనికి తోడు నీటిని కలిపే స్టిర్రర్ నిమిషం నిమిషమూ కాస్త వేడిని లోపలికి నూరిపోస్తుంది. ఉష్ణోగ్రత కొలిచే థర్మిస్టర్ కూడా తన వంతు వేడి కలుపుతుంది. మూత సరిగా లేకపోతే నీరు ఆవిరై వేడిని తీసుకుపోతుంది. ఆవిరి నష్టం న్యూటన్ నియమానికి లొంగదు. నీటి బాష్పపీడనం ఉష్ణోగ్రతతో సరళరేఖలో పెరగదు కాబట్టి, మూతలేని గ్లాసులో గీసిన ఏ సరళ ఆధారరేఖా పూర్తిగా నిజం చెప్పదు. అలాంటి చోట మంచి సవరణ పద్ధతి కోసం వెతకడం కంటే మంచి మూత కోసం వెతకడం మేలు.

స్టిర్రర్ వేడి స్థిరంగా ఉంటే దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. పాత్రను అలా వదిలేస్తే అది చివరికి చుట్టూ ఉన్న జాకెట్ ఉష్ణోగ్రతకు కాక, అంతకంటే కొంచెం పైన ఒకచోట స్థిరపడుతుంది. లెక్కలో జాకెట్ ఉష్ణోగ్రత బదులు ఆ స్థిర ఉష్ణోగ్రతను పెట్టుకుంటే న్యూటన్ నియమం యథాతథంగా పనిచేస్తుంది. కానీ మధ్యలో స్టిర్రర్ వేగం మారినా, తలమీద ఫ్యాను వేసినా, గదిలో ఏసీ ఆగి మళ్ళీ మొదలైనా ఈ లెక్క చెడుతుంది. జాకెట్‌లో నీరు లేని, గాలి మాత్రమే ఉన్న చవక పరికరాల్లో ఏసీ ఎప్పుడు ఆగిందో గ్రాఫు చూసి చెప్పవచ్చు.

మన వేసవి ఇంకో మెలిక పెడుతుంది. గది 38 డిగ్రీల్లో ఉండి, పాత్రలో కుండనీళ్ళంత చల్లటి నీళ్ళు ఉంటే చర్య ముగిశాక కూడా ఉష్ణోగ్రత పెరుగుతూనే పోతుంది. శిఖరం కనిపించదు. ‘గరిష్ఠ ఉష్ణోగ్రత రాసుకోండి’ అని నేర్పిన విద్యార్థి అక్కడ నిలబడిపోతాడు. ఆధారరేఖ అంటే తెలిసినవాడికి గరిష్ఠంతో పనిలేదు. ఎక్కే గీతయినా దిగే గీతయినా అతనికి ఒకటే.

తొలి దిద్దుబాట్లు

1783లో లవోయిజర్, లాప్లాస్ ప్రకటించిన మంచు కెలోరిమీటర్ ఈ చిక్కును పక్కనుంచి దాటింది. వాళ్ళు ఉష్ణోగ్రతను కొలవనే లేదు. కరిగిన మంచు బరువు తూచారు. బయటి గది వేడి లోపలికి రాకుండా చుట్టూ ఇంకో మంచు పొర పెట్టారు. నష్టాన్ని లెక్కించి దిద్దడం కాక, అసలు జరగకుండా అడ్డుకోవడం అన్న మార్గానికి ఇదే మొదలు. అయితే కరిగిన నీరు మంచుముక్కల మధ్య చిక్కుకుని పూర్తిగా కిందికి దిగేది కాదు.

కౌంట్ రమ్‌ఫర్డ్ పేరుతో ఉన్న ఉపాయం ఇంకా సులువు. గది కంటే ఎంత పైకి వెళ్తుందనుకుంటామో అంతే కిందినుంచి ప్రయోగం మొదలుపెట్టాలి. మొదటి సగంలో వచ్చిన వేడి, రెండో సగంలో పోయిన వేడి చెల్లుకు చెల్లు. వినడానికి బాగుంది. కానీ పాత్ర రెండు సగాల్లోనూ సమానకాలం ఉండదు. నమూనాను మూసిన పాత్రలో కాల్చే బాంబు కెలోరిమీటర్‌లో అది అంటుకోగానే ఉష్ణోగ్రత నిమిషం రెండు నిమిషాల్లో పైకెగిరి, మిగిలిన కాలమంతా పై భాగంలోనే గడుపుతుంది. లాభం నిమిషంపాటు, నష్టం ఆరు నిమిషాలపాటు. చెల్లుబాటు కుదరదు. ఈ ఉపాయాన్ని సవరణకు బదులుగా వాడకూడదు. సవరణ పరిమాణాన్ని చిన్నది చేయడానికి మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చేది జౌల్ జాగ్రత్త. 1850లో అచ్చయిన తన పరిశోధనలో ఆయన దిగే బరువులతో తెడ్డు చక్రాన్ని తిప్పి నీటిని వేడి చేశాడు. ఒక ప్రయోగంలో మొత్తం పెరుగుదల అర డిగ్రీ ఫారన్‌హీట్ కంటే కాస్త ఎక్కువ, అంతే. అంత చిన్న పెరుగుదలలో గది గాలి వాటా ఎంతో తెలియకపోతే ఫలితానికి విలువ లేదు. అందుకని ఆయన ప్రతి రాపిడి ప్రయోగంతో పాటు, బరువులు దించకుండా అంతేసేపు ఊరికే నీటిని గమనించే ప్రయోగాన్నీ చేస్తూ పోయాడు. ‘జరగకపోయి ఉంటే’ అన్నదాన్ని ఊహించే బదులు, దాదాపు అవే పరిస్థితుల్లో జరగనివ్వకుండా చేసి చూశాడన్నమాట. కింద వచ్చే ఈనాటి ఖాళీ పాన్ పరుగు, బఫర్ పరుగు, ఇసుక నమూనా అన్నీ దాని వారసులే.

హాఫ్‌టైమ్ నుంచి 63 శాతం దాకా

బి.ఎస్సీ. ప్రాక్టికల్స్‌లో జౌల్ కెలోరిమీటర్ చేసినవాళ్ళకు ఒక తంతు గుర్తుండే ఉంటుంది. తీగచుట్టలో కరెంటు పంపి నీటిని పది నిమిషాలు వేడి చేస్తారు. కరెంటు ఆపేసి సరిగ్గా ఐదు నిమిషాలు చల్లారనిస్తారు. ఆ ఐదు నిమిషాల్లో ఎంత తగ్గిందో అంతా పెరుగుదలకు కలుపుతారు. చాలా రికార్డుల్లో ఇది ఒక్క వాక్యమే. సగం కాలమే ఎందుకన్న ప్రశ్నకు వైవాలో జవాబు చెప్పినవాళ్ళు తక్కువ.

కారణం చిన్నదే. కరెంటు వేడికి ఉష్ణోగ్రత దాదాపు సరళరేఖలో పెరుగుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర మొదలై శిఖరందాకా వెళ్ళిన నీటికి సగటు తేడా శిఖరంలో సగం. సగం తేడాతో పది నిమిషాల నష్టమూ, పూర్తి తేడాతో ఐదు నిమిషాల నష్టమూ ఒకటే. ఇంకోలా చెబితే, నీరు ఐదో నిమిషం దాకా కింద ఉండి, ఆ క్షణాన ఒక్కసారిగా పైకి దూకి, మిగతా ఐదు నిమిషాలూ పైనే ఉన్నట్టు ఊహించుకున్నా నష్టం మారదు.

ఆ ‘ఒక్కసారి దూకే క్షణం’ ఎక్కడ పెట్టాలన్నదే సవరణ పద్ధతుల్లో చాలావాటి సారం. బాంబులో దహనం జరిగినప్పుడు ఉష్ణోగ్రత సరళరేఖలో పెరగదు. మొదట వేగంగా ఎక్కి, తర్వాత నెమ్మదిస్తూ ఘాతీయ వక్రంలో శిఖరానికి చేరుతుంది. అలాంటి వక్రానికి గీతకు రెండు పక్కలా వైశాల్యాలు సమానమయ్యే క్షణం, మొత్తం పెరుగుదలలో 63 శాతం పూర్తయిన చోట వస్తుంది. ఒకటిలోంచి సహజ లాగరిథమ్ ఆధారసంఖ్య విలోమాన్ని తీసేస్తే వచ్చేది ఆ 0.632. అమెరికా బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసిన డికిన్సన్ 1915లో చక్కెర, బెంజోయిక్ ఆమ్లం, నాఫ్తలీన్ దహనోష్ణాలు కొలుస్తూ ఈ మార్గాన్ని స్థిరపరిచాడు. కొన్ని పరికరాల సూచనల్లో లెక్క తేలిక కోసం 60 శాతం అని ఉంటుంది. హాఫ్‌టైమ్ తంతూ, డికిన్సన్ పద్ధతీ ఒకే ఆలోచన. పెరిగే వక్రం ఆకారం వేరు కాబట్టి 50 ఒకచోట, 63 ఇంకోచోట.

కాలేజీ ప్రయోగాల్లో కనిపించే మూడో రకం, చల్లారే గీతను వెనక్కి పొడిగించి కలిపిన క్షణం దగ్గర చదవడం. ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 50 మిల్లీలీటర్లు, అంతే గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్ 50 మిల్లీలీటర్లు థర్మోకోల్ కప్పులో కలిపితే దాదాపు 6.8 డిగ్రీలు పెరగాలి. తటస్థీకరణ కలిపిన క్షణంలోనే జరిగిపోతుంది. థర్మామీటరు ఆలస్యంగా చెబుతుంది, అంతే. కనుక గీతను కలిపిన క్షణం దాకా వెనక్కి లాగడం ఇక్కడ న్యాయమే. కాపర్ సల్ఫేట్ ద్రావణంలో జింకు పొడి వేసినప్పుడు పరిస్థితి వేరు. చర్య కొన్ని నిమిషాలు నడుస్తుంది. గీతను మొదటిదాకా లాగితే, పాత్ర మొదటి క్షణం నుంచీ శిఖరం మీదే ఉందని చెప్పినట్టవుతుంది. పోని వేడిని కూడా లెక్కలో కలుపుతాం. నెమ్మదైన చర్యలకు వెనక్కి పొడిగించడం ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంది.

ఒక బొగ్గు నమూనా

దేశంలో 2012 జనవరి 1 నుంచి బొగ్గుకు గ్రేడు కట్టేది స్థూల కెలోరిఫిక్ విలువను బట్టి. జి-1 నుంచి జి-17 దాకా ఉన్న ఈ గ్రేడుల్లో మధ్యవన్నీ కిలోకు 300 కిలోకెలోరీల వెడల్పున్న మెట్లు. జి-11 అంటే 4000 దాటి 4300 దాకా, జి-10 అంటే 4300 దాటి 4600 దాకా. సింగరేణి బొగ్గు ధర కూడా ఈ మెట్ల మీదే నడుస్తుంది. ఒక మెట్టు దిగితే ధర దిగుతుంది. ఇక్కడ ఆధారరేఖ పాఠ్యపుస్తకంలోంచి బయటికొచ్చి బిల్లులోకి వస్తుంది.

ఒక పరుగు ఊహించుకుందాం. పరికరం జలతుల్యాంకం డిగ్రీకి 2420 కెలోరీలు, అంటే బకెట్, బాంబు, నీరు అన్నీ కలిపి ఒక డిగ్రీ ఎక్కడానికి అంత వేడి కావాలి. నమూనా ఒక గ్రాము. అంటించే ముందు ఐదు నిమిషాలు గమనిస్తే ఉష్ణోగ్రత నిమిషానికి 0.0012 డిగ్రీల చొప్పున పెరుగుతోంది. అంటించిన క్షణాన 27.412. ఎనిమిదో నిమిషానికి గీత నిలకడగా దిగడం మొదలైంది, అప్పుడు 29.177. ఆ తర్వాత ఐదు నిమిషాలూ నిమిషానికి 0.0030 చొప్పున తగ్గింది. కళ్ళకు కనిపించిన పెరుగుదల 1.765. దీన్ని 2420తో గుణిస్తే గ్రాముకు 4271 కెలోరీలు. అది జి-11.

ఇప్పుడు దిద్దుదాం. పెరుగుదలలో 60 శాతం పూర్తయిన క్షణం అంటించాక 1.4 నిమిషాలకు వచ్చిందనుకుందాం. అప్పటిదాకా ముందు దశ రేటు నడిచినట్టు: 1.4ను 0.0012తో గుణిస్తే 0.0017, దాన్ని తీసేయాలి. మిగిలిన 6.6 నిమిషాలూ తర్వాతి దశ రేటు నడిచినట్టు: 6.6ను 0.0030తో గుణిస్తే 0.0198, దాన్ని కలపాలి. దిద్దిన పెరుగుదల 1.783. విలువ 4315. అది జి-10. ఫ్యూజు తీగ, ఆమ్లం సవరణలూ తేమ సర్దుబాటూ వేరే ఉంటాయి, వాటిని పక్కన పెట్టాం. తేడా మొత్తం 0.018 డిగ్రీ, కిలోకు 44 కిలోకెలోరీలు.

ఇంతటితో ఆపితే కథ తప్పుదారి పడుతుంది. ఆ 2420 ఎక్కడినుంచి వచ్చింది? బెంజోయిక్ ఆమ్లాన్ని కాల్చి తెచ్చుకున్నది. దాని దహనోష్ణం గ్రాముకు 26,434 జౌళ్ళు, అంటే 6318 కెలోరీలు. ఒక గ్రాము కాలిస్తే ఈ పరికరంలో నిజమైన పెరుగుదల 2.611 డిగ్రీలు. ఏ సవరణా చేయని ప్రయోగశాల దాన్ని కూడా సవరణ లేకుండానే చదువుతుంది. పెరుగుదల ఎక్కువ కాబట్టి నష్టమూ ఎక్కువ, దాదాపు 0.031. వాళ్ళకు కనిపించేది 2.580. కాబట్టి వాళ్ళ జలతుల్యాంకం 2449 అవుతుంది. ఆ అంకెతో బొగ్గు 1.765ను గుణిస్తే 4322. సరైన 4315కు ఏడెనిమిది కెలోరీల దూరంలో వచ్చి నిలబడ్డారు. తప్పు రెండుసార్లు, ఒకేలా చేశారు. అందుకని అది చాలావరకు తనను తానే మింగేసింది.

అసలు ప్రమాదం సవరణ చేయకపోవడంలో కంటే, ఒకచోట చేసి ఇంకోచోట మానడంలో ఉంది. క్రమాంకనం ఒక పద్ధతిలో, నమూనా ఇంకో పద్ధతిలో చేస్తే 44 కెలోరీల లోటు పూర్తిగా నమూనా మీద పడుతుంది. పాత జలతుల్యాంకాన్ని అలాగే ఉంచి కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ తెచ్చిన రోజే బెంజోయిక్ ఆమ్లం బిళ్ళలు మళ్ళీ కాల్చాలి.

ఇదే లెక్కలో ఏ అంకె ఎంత ముఖ్యమో కూడా తేలుతుంది. 60 శాతం క్షణాన్ని 0.2 నిమిషం తప్పుగా చదివితే ఫలితం రెండు కెలోరీలే మారుతుంది. తర్వాతి దశ రేటు నిమిషానికి 0.0003 తప్పితే ఐదు కెలోరీలు మారుతుంది. పాత బెక్‌మన్ థర్మామీటరును భూతద్దంతో 0.002 దాకా చదివి, ఐదు నిమిషాల మొదటి చివరి రీడింగులతోనే రేటు కడితే, రేటులో తప్పు అంతకు రెట్టింపు ఉండవచ్చు. కాబట్టి 60నా 63నా అని వాదించుకోవడం కంటే తర్వాతి దశను ఐదు బదులు పది నిమిషాలు చదవడం లాభం. 

రెన్యో–ఫౌండ్లర్ పద్ధతి

వక్రం ఏ తెలిసిన ఆకారంలోనూ లేనప్పుడు దూకే క్షణాన్ని ముందే నిర్ణయించలేం. అక్కడ రెన్యో వాడిన మార్గాన్ని 1866లో ఫౌండ్లర్ ప్రచురించిన రూపంలో వాడతారు. ముందు దశ సగటు ఉష్ణోగ్రత దగ్గర నష్టం రేటు తెలుసు. తర్వాతి దశ సగటు ఉష్ణోగ్రత దగ్గర కూడా తెలుసు. ఆ రెండు బిందువులను సరళరేఖతో కలిపితే మధ్యలో ఏ ఉష్ణోగ్రతకైనా నష్టం ఎంతో చదువుకోవచ్చు. ప్రధాన దశలో ప్రతి నిమిషం ఉష్ణోగ్రతకూ ఆ నష్టాన్ని చదివి కూడితే సవరణ. దూకుడు ఊహ అక్కర్లేదు, అసలు వక్రం మీదే నడుస్తాం. బొగ్గు పరీక్షల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 1928 ఈ పద్ధతినీ, డికిన్సన్ పొడిగింపునూ రెంటినీ అంగీకరిస్తుంది. వేగంగా కాలే నమూనాలకు రెండూ దాదాపు ఒకే జవాబు ఇస్తాయి. నెమ్మదిగా కాలే కోక్, ఎక్కువ బూడిద ఉన్న బొగ్గు వంటివాటికి రెన్యో–ఫౌండ్లర్ వైపే మొగ్గాలి. చేతి లెక్క రోజుల్లో దీన్ని తప్పించుకోవడానికి కారణం ఉండేది. ఇప్పుడు స్ప్రెడ్‌షీట్‌లో పది నిమిషాల పని.

జాకెట్ ఉష్ణోగ్రతను బకెట్‌తో పాటు పెంచుతూ పోయి నష్టాన్నే లేకుండా చేయవచ్చని 1905లో హార్వర్డ్ రసాయనవేత్త రిచర్డ్స్ చూపించాడు. అదే ఎడయాబాటిక్ కెలోరిమీటర్. అందులోనూ స్టిర్రర్ వేడి మిగులుతుంది, జాకెట్ ఒక అడుగు వెనకబడుతుంది. ఆధారరేఖ చదునుగా కనిపించినంత మాత్రాన సున్నా అనుకోకూడదు.

డీఎస్‌సీ వక్రాల కింద

డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరిమెట్రీని పెర్కిన్-ఎల్మర్ సంస్థలో వాట్సన్, ఓనీల్ 1960ల తొలినాళ్ళలో రూపొందించారు. పాలిమర్లు, మందులు, ప్రోటీన్ల ప్రయోగశాలల్లో ఇప్పుడు ఇదే రాజ్యం. నమూనానూ ఖాళీ పాన్‌నూ ఒకే రేటుతో, సాధారణంగా నిమిషానికి పది డిగ్రీలతో వేడి చేస్తూ రెంటికీ కావలసిన వేడిలో తేడాను గీస్తారు. ఇక్కడ ఆధారరేఖ రెండంతస్తుల్లో ఉంటుంది. ఒకటి పరికరానిది: రెండు పాన్‌లూ ఖాళీగా ఉన్నా గీత కొంచెం వంగుతుంది. అదే బరువున్న ఖాళీ పాన్‌లతో ఒక పరుగు తీసి తీసేస్తే సరిపోతుంది. రెండోది నమూనాది, శిఖరం కింద దాక్కుని ఉంటుంది.

ఇండియం వంటి లోహానికి రెండోదానితో పేచీ లేదు. 156.6 డిగ్రీల దగ్గర గ్రాముకు సుమారు 28.5 జౌళ్ళు మింగి ఇరుకైన శిఖరం చూపిస్తుంది. కరగక ముందూ తర్వాతా విశిష్టోష్ణం దాదాపు ఒకటే. శిఖరం రెండు పాదాలను కలిపి స్కేలుతో గీత గీస్తే చాలు.

విశిష్టోష్ణం మారినప్పుడు శిఖరానికి ఎడమ గీత ఒక ఎత్తులో, కుడి గీత ఇంకో ఎత్తులో ఉంటాయి. స్కేలు గీత వాలుగా పడుతుంది. పదార్థం ఎంత మారిందో ఆధారరేఖ అంతే మారాలి కదా అన్న తర్కంతో సిగ్మాయిడ్ గీతను వాడతారు: ఇరవై శాతం కరిగిన చోట గీత ఎడమ ఎత్తు నుంచి కుడి ఎత్తుకు ఇరవై శాతం దూరం జరిగి ఉంటుంది. కానీ ఎంత కరిగిందో తెలియాలంటే వైశాల్యం కావాలి, వైశాల్యానికి గీత కావాలి. ముందు సరళరేఖతో మొదలుపెట్టి, వచ్చిన వైశాల్యంతో గీతను సవరించి, మళ్ళీ వైశాల్యం కొలుస్తారు. మూడు నాలుగు చుట్లకు స్థిరపడుతుంది. స్థిరపడకపోతే సాధారణంగా తప్పు లెక్కలో ఉండదు, హద్దుల్లో ఉంటుంది.

హద్దులు ఎంత మాయ చేస్తాయో పాలిథీన్ చెబుతుంది. వందశాతం స్ఫటికమైన పాలిథీన్ ద్రవీభవనోష్ణంగా గ్రాముకు 293 జౌళ్ళు తీసుకుంటారు, నమూనా విలువను దానితో భాగించి స్ఫటికత శాతం కడతారు. క్యారీ బ్యాగు పాలిథీన్ ఒక్క ఉష్ణోగ్రత దగ్గర కరగదు. చిన్న స్ఫటికాలు గది వేడికి కాస్త పైనుంచే కరగడం మొదలెడతాయి, శిఖరానికి ఎడమవైపు పొడుగాటి తోక సాగుతుంది. ఆ తోక ఎక్కడ మొదలైందో కంటికి అందదు. గీతను కొంచెం కుడివైపు మొదలుపెట్టి తోకలో 15 జౌళ్ళు వదిలేస్తే స్ఫటికత ఐదు శాతం పడిపోతుంది. ఒకే ఫైలును ఇద్దరు విద్యార్థులకు ఇచ్చి చూడండి. అంతకంటే పెద్ద తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు. గట్‌మన్, ఫ్లిన్ 1973లో దీనికి ఒక దారి చెప్పారు: శిఖరం కింద గీత గీయడం మాని, ముందున్న ఘనస్థితి గీతనూ తర్వాతి ద్రవస్థితి గీతనూ ఒక నిర్ణీత ఉష్ణోగ్రత దాకా పొడిగించి, ఎంథాల్పీల తేడాగా లెక్కించాలి. కనీసం ఏ ఉష్ణోగ్రత దగ్గరి విలువో అందులో స్పష్టంగా ఉంటుంది.

ప్రోటీన్ విప్పారే ప్రయోగాల్లో ఇంకో జాగ్రత్త కావాలి. పలుచటి ద్రావణంలో సంకేతం చిన్నది, ఆధారరేఖ పెద్దది. రెండు అరల్లోనూ బఫర్ పోసి, వరుస పరుగులు ఒకదానిమీద ఒకటి అతుక్కునేదాకా తిప్పాలి. మొదటి పరుగు పరికరం అంతకు ముందు ఎలా వేడెక్కి చల్లారిందో దాన్ని గుర్తుపెట్టుకుని ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోరు. విప్పారాక ప్రోటీన్ ముద్దకడితే కుడివైపు గీత కిందికి కూలిపోతుంది. అప్పుడు కుడి ఆధారరేఖ లేనట్టే. ఉన్నట్టు గీసి అంకె ఇవ్వడం కంటే ఉప్పు గాఢతో పీహెచ్చో మార్చి ప్రయోగం మళ్ళీ చేయడమే దారి.

రోజుల తరబడి సాగే కొలతలు

1920లలో మార్సెయ్‌లో టియాన్ మొదలుపెట్టి, కాల్వె మెరుగుపరచిన ఉష్ణప్రవాహ కెలోరిమీటర్లు ఉష్ణోగ్రతను పెరగనివ్వవు, బయటికి పోయే వేడినే కొలుస్తాయి. సిమెంటు నీళ్ళతో కలిసి గట్టిపడేటప్పుడు వెలువడే వేడిని వీటిలో ఏడు రోజులు కొలుస్తారు. మొదటి రోజు సంకేతం కొండంత. ఏడో రోజుకు ఆధారరేఖకు కాస్త పైన పాకుతుంటుంది. ఆధారరేఖ గ్రాముకు 20 మైక్రోవాట్లు తప్పిందనుకుందాం. తెర మీద అది గీత మందం కూడా ఉండదు. ఏడు రోజులంటే 6,04,800 సెకన్లు. గుణిస్తే గ్రాముకు 12 జౌళ్ళు. సాధారణ సిమెంటు ఏడు రోజుల్లో ఇచ్చే మొత్తం మూడు వందల జౌళ్ళ చుట్టుపక్కల ఉంటుంది కనుక, ఇది నాలుగు శాతం. ఇక్కడ ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోదు. అంతే ఉష్ణ సామర్థ్యం ఉన్న ఇసుకను పక్క అరలో పెట్టాలి, ప్రయోగానికి ముందూ తర్వాతా సున్నాను విడిగా కొలవాలి.

ఐసోథర్మల్ టైట్రేషన్‌లో మాత్రం సూది చుక్క వేసిన ప్రతిసారీ చిన్న శిఖరం వచ్చి మళ్ళీ గీతకు దిగుతుంది. శిఖరాల మధ్య వ్యవధి తగినంత ఇస్తే ఆధారరేఖ ఎన్నోచోట్ల బయటపడుతూనే ఉంటుంది. వ్యవధి తగ్గించి సమయం మిగుల్చుకున్నవాళ్ళు తర్వాత ఆ సమయాన్ని వాదనలో పోగొట్టుకుంటారు.

ఏది ఎంచుకోవాలి

ఎంపికకు మొదటి ప్రశ్న, చర్య ఎంత వేగం అన్నది. పరికరం స్పందించే కాలం కంటే చర్య చాలా త్వరగా ముగిస్తే ఏ సమంజసమైన పద్ధతయినా పనిచేస్తుంది, వాటిలో సులువైనది తీసుకోవచ్చు. చర్య నెమ్మదయ్యే కొద్దీ ఆధారరేఖ వాటా పెరుగుతుంది, పద్ధతుల మధ్య తేడా బయటపడుతుంది. అప్పుడు నష్టం ఏ నియమాన్ని బట్టి నడుస్తోందో తెలిసిన పద్ధతికే ఓటు వేయాలి. రెండో ప్రశ్న, ముందూ తర్వాతా నిలకడ దశలు నిజంగా ఉన్నాయా అన్నది. తర్వాతి దశ గీత వంగి ఉంటే చర్య ఇంకా ముగియలేదు, లేదా పరికరం ఇంకా సర్దుకుంటోంది. వంగిన దానికి సరళరేఖ అమర్చడం కంటే ఇంకాసేపు ఆగడం నయం.

బహుపది వక్రాలతో ఆధారరేఖ అమర్చే బటన్ ఇప్పుడు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. రెండో ఘాతం దాకా, అదీ ఖాళీ పరుగులో అలాంటి వంపు నిజంగా కనిపించినప్పుడు, అభ్యంతరం లేదు. ఐదో ఘాతం, ఆరో ఘాతం పెడితే వక్రం ఎక్కడికి కావాలంటే అక్కడికి వంగుతుంది, శిఖరంలో కొంత భాగాన్ని కూడా తనలో కలుపుకుంటుంది. గ్రాఫు ముచ్చటగా ఉంటుంది, అంకె తక్కువ వస్తుంది. వర్ణపటాల కోసం పుట్టిన అసౌష్ఠవ కనిష్ఠ వర్గాల పద్ధతినీ ఇటీవల కెలోరిమితికి తెచ్చి వాడుతున్నారు. వర్ణపటంలో ఆధారరేఖకు భౌతిక కారణం తెలియకపోయినా పని నడుస్తుంది. కెలోరిమీటర్‌లో కారణం తెలుసు. తెలిసినదాన్ని పక్కన పెట్టి రెండు మీటలు తిప్పుతూ నచ్చిన గీత వచ్చేదాకా చూడటం వెనకడుగే.

పద్ధతినీ హద్దులనూ జవాబు చూడకముందే నిర్ణయించుకోవాలి. నమూనాకూ క్రమాంకనానికీ అవే వాడాలి. తర్వాత హద్దులను అటూఇటూ జరిపి, పక్క పద్ధతితో కూడా ఒకసారి లెక్కించి చూడాలి. వచ్చే చెదురే ఆధారరేఖ వల్ల కలిగే అనిశ్చితికి నిజమైన అంచనా. మూడుసార్లు కాల్చి సగటు తీస్తే ఇది బయటపడదు, ఎందుకంటే మూడుసార్లూ ఒకే గీత గీస్తాం.

ప్రయోగశాలల బాధ్యులకు ఒక విన్నపం. నివేదికలో చివరి విలువతో పాటు ఏ పద్ధతి, ఏ హద్దులు, ముందు తర్వాతి రేట్లు ఎంత అన్న నాలుగు వివరాలూ రాయండి. దిద్దని కాలం–ఉష్ణోగ్రత పట్టికను చెరిపేయకండి. పైన లెక్కించిన బొగ్గు నమూనా పట్టిక మొత్తం, నిమిషానికో రీడింగు చొప్పున, ఇరవై వరుసలు దాటదు.